మా ఇంటి నెత్తురు

ఆ డాక్టరు మీద నాకు మొదటి రోజే అనుమానం వచ్చింది. మలంలో నెత్తురు పడుతోందని తుమకూరులో ఒక ఆసుపత్రికి వెళితే గొట్టం వేసి చూశాడు. పెద్దపేగులో బుడిపె ఉందన్నాడు. ఉంటే అప్పుడే తీసెయ్యాలి కదా, తీయలేదు. మళ్లీ మళ్లీ తిప్పించుకునే ఎత్తే ఇది అనుకున్నాను.

రెండోసారి వెళితే, నెత్తురు గడ్డకట్టించే ప్లేట్‌లెట్ల లెక్క సరిగ్గానే ఉందిగానీ అవి ఒకదానికొకటి అతుక్కోవడం లేదన్నాడు. పుట్టుకతో వచ్చిన జబ్బట. లెక్క సరిగ్గా ఉంటే జబ్బెక్కడిది? తిరుమణిలో సోలారు పలకల కింద గడ్డి కోసే పని నాది. చిన్న దెబ్బ తగిలినా ఒళ్లు కమిలిపోతుంది, ముక్కులోంచి నెత్తురు కారితే ఒక పట్టాన ఆగదు. ఇంట్లో అందరూ దాన్ని వేడి అనేవారు.

"మీ ఇళ్లలో ఇంకెవరికైనా ఇట్లా ఉందా?" అని డాక్టరు అడిగాడు.

పక్కనే మా అత్త ఉంది. మా నాన్నకు సొంత చెల్లెలు, నా మొగుడికి తల్లి. నేను నోరు తెరిచేలోగా, "ఎవురికీ లేదు సార్, మా వంశంలోనే లేదు" అంది. అంత తొందరెందుకో! నా అనుమానం డాక్టరును వదిలి ఆమె మీదికి మళ్లింది.

"దాచొద్దమ్మా. తెలియకుండా బుడిపె కోస్తే నెత్తురు ఆగదు. ఇంటికెళ్లాక కూడా మొదలవుతుంది. ప్రాణం పోతుంది" అన్నాడు డాక్టరు.

అత్త కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "నా పెద్దకూతురు సార్... పన్ను పీకించినాము. నెత్తురు నిలవలేదు, పాయ" అంది.

మా ఆడబిడ్డ కామెర్లతో పోయిందనే నేను ఇన్నాళ్లూ నమ్మాను.

"కామెర్లంటివి గదత్తా?"

"నెత్తురు జబ్బంటే మన పిల్లల్ని ఎవురు చేసుకుంటారు మే? బయట తెలుస్తాదనే నిన్ను మా ఇంటికే తెచ్చుకుంటి."

డాక్టరు పెన్ను కింద పెట్టాడు. అట్లా దాచి లోపల్లోపలే పెళ్లిళ్లు చేసుకుంటేనే ఈ జబ్బు పిల్లలకు ఎక్కువ వస్తుందన్నాడు. అత్త మీద నాకు ఒళ్లు మండిపోయింది.

తర్వాత ప్లేట్‌లెట్లు తెప్పించి, ఎక్కించి, బుడిపె తీశాడు. తీసిన చోట చిన్న క్లిప్పులు బిగించాడు. గాయం మానాక అవే రాలిపోతాయన్నాడు. ఆ మాట కూడా నేను పూర్తిగా నమ్మలేదు. కానీ నెత్తురు ఆగింది.

బస్సులో అత్త నా చెయ్యి పట్టుకుంది. "ఊర్లో యాడా చెప్పొద్దు మే. ఏడో తరగతి చదివే కూతురుండాది నీకు. రేపు దాన్ని ఎవురు చేసుకుంటారు?"

"ముందు అది బతకల్ల గదత్తా" అన్నాను.