కొంగు దోపుకో పాపా

పక్కింటి తాత పోయాడని ఫోన్ వచ్చేసరికి నేను పెనుకొండ దాటాక రోడ్డు పక్కన కారాపి, బానెట్ ఎత్తి నిలబడి ఉన్నాను. వెనక సీట్లో మా అమ్మ కళ్లు మూసుకుని ఒరిగి ఉంది. వారానికి రెండుసార్లు ఆమెను ధర్మవరం నుంచి హిందూపురానికి డయాలిసిస్‌కు తీసుకుపోతాను. ఆ రోజు తిరుగుదారిలో ఇంజను ముందువైపు నుంచి కీచుమని అరుపు మొదలైంది. ఫోన్ చేసింది తాత కోడలు.

"అక్కా, మామ పాయ. పొద్దున కాఫీ తాగి మగ్గం కాడ కూసున్నోడు కూసున్నట్టే పాయ. నాలుగు గంటలకు తీసకపోతారంట. నువ్వు యాడుండావు? బిన్నా రాక్కా."

అప్పటికి రెండు దాటింది. మీకు నవ్వు రావచ్చు గానీ, ఆ మాట విన్నాక నాకు మొదట వచ్చిన ఆలోచన 'తాతను అడగాలి' అని. ఈ అరుపు ఏమిటో చెప్పవలసిన మనిషి ఆయనే కదా.

తాత మెకానిక్ కాదు. జన్మలో స్టీరింగు పట్టుకోలేదు. పట్టుచీరలు నేసే మనిషి. మా రెండిళ్లకూ మధ్య ఒకటే గోడ. ఆ గోడకు ఆవల ఆయన మగ్గం, ఈవల చీరలకు కుచ్చులు కట్టుకునే నేను. మగ్గం చప్పుడులో ఏ చిన్న తేడా వచ్చినా ఆయన చెయ్యి ఆగిపోయేది. వీధి చివర మగ్గంలో ఏదో వదులైందని తన ఇంట్లో కూర్చుని చెప్పేవాడు. పోయి చూస్తే నిజమే అయ్యేది. మాట మాత్రం కటువు. మెచ్చుకోవడం ఆయనకు చేతకాదు. నా కుచ్చులు చూసి "బాగలేదని అనను" అనేవాడు. ఆయన నోట అంతకు మించి ఎవరూ పొందలేదు, ఆయన భార్య అవ్వతో సహా.

రెండేళ్ల కిందట మా పాత కారు మొదటిసారి అరిచింది. నాయన పోతూ మాకు మిగిల్చిన బండి అది. పొద్దున్నే స్టార్ట్ చేస్తే వీధిలో తలుపులు తెరుచుకునేవి. అమ్మ సిగ్గుతో తల వంచుకునేది. తాత బయటికొచ్చి, మగ్గంలో కట్టెకు కట్టె రాసుకుని కిర్రుమంటే ఏం చేస్తాడో అదే చేశాడు. గిన్నెలో ఆముదం తెచ్చి ఇంజను ముందు తిరిగే బెల్టుకు రాశాడు.

అరుపు టక్కున ఆగింది. నేను చప్పట్లు కొట్టాను. తాత మీసం దువ్వుకున్నాడు. పెనుకొండ దాకా కారు చప్పుడు లేకుండా పోయింది. అక్కడ స్టీరింగు ముందు ఎర్రలైటు వెలిగింది, ఇంజను వేడి చూపే ముల్లు పైకి లేచింది, బానెట్ కింద నుంచి పొగ. నూనె తాగిన బెల్టు జారిపోయి నీళ్ల పంపు తిరగడం మానేసిందని మెకానిక్ చెప్పాడు. ఆ రోజు అమ్మను ఎక్కించుకోవడానికి ఆటో దొరకలేదు. డయాలిసిస్ తప్పింది. మరుసటి రోజుకు ఆమె కాళ్లు వాచి, ఊపిరి అందక, రాత్రంతా కూర్చునే ఉంది.

తాత మా గడపలో నిలబడ్డాడు, లోపలికి రాలేదు.

"నాది మగ్గం బుద్ధి పాపా. దాని నోరు మూయిస్తి గానీ, ఎందుకు అరుస్తాండాదో అడగల్యా."

నాకు కోపం ఉండింది. దాచుకోకుండా చెప్తున్నాను, ఆ పూట ఆయన ముఖం చూడాలనిపించలేదు. కానీ ఆ మనిషి క్షమాపణ చెప్పి ఇంటికి పోయి పడుకునే రకం కాదు. మెకానిక్ బెల్టు మార్చాడు. అరుపు పోలేదు. మళ్లీ మార్చాడు. పోలేదు. "పాత బండి, దీని పార్టులు రావు, అమ్మేయండి" అన్నాడు. బస్సులో పోదామంటే, డయాలిసిస్ అయ్యాక అమ్మకు నిలబడే శక్తి కూడా ఉండదు.

"అమ్మేదేందిరా?" అని తాత లేచాడు. "ఆయమ్మ యాట్ల పోతాది హిందూపురానికి, నీ బుజాల మీదనా?"

మరునాడు పాత మగ్గం నుంచి తీసిన మూరెడు వెదురు పుల్ల ఒకటి పట్టుకొచ్చాడు. బానెట్ ఎత్తమన్నాడు. నేను ముందుకు వంగబోతే గట్టిగా కసిరాడు.

"కొంగు దోపుకో పాపా! ఆ బెల్టుకు నువ్వెవరో తెలీదు."

ఆ తర్వాత ఎన్నిసార్లు బానెట్ ఎత్తినా మొదటి మాట అదే. పుల్ల ఒక కొనను, తిరిగే భాగాలకు తగలకుండా వాటి పక్కనున్న బోల్టుల మీద ఒక్కొక్కచోట ఆనించి, రెండో కొనను చెవికి పెట్టుకున్నాడు. నీళ్ల పంపు దగ్గర తల అడ్డంగా ఊపాడు. కరెంటు పుట్టించే డైనమో దగ్గరా అంతే. ఏ పనీ చేయకుండా, బెల్టును ఊరికే బిగువుగా పట్టి ఉంచే చిన్న పుల్లీ ఒకటి ఉంది. దాని దగ్గర ఆగాడు.

"ఈ గిలకే. లోపల ఎండిపోయింది. ఇను." పుల్లీ అనే మాట ఆయన నోట ఎప్పుడూ రాలేదు, బావి దగ్గరిదైనా కారులోదైనా గిలకే.

పుల్ల నా చెవికి తగలగానే ఇసుక నమిలినట్టు గరగర వినిపించింది.

విప్పి చూస్తే గిలక మధ్యలో బేరింగు. జరీ పోగులు చూసుకునే భూతద్దం తెచ్చి, దాని అంచు మీద చెక్కిన నంబరు చదివాడు. ఆ నంబరు కాగితం మీద రాసుకుని మాతోపాటు హిందూపురం వచ్చాడు. కార్ల షాపుల్లో లేదన్నారు. ఆయన చెప్పులు ఈడ్చుకుంటూ, పట్టు పురిపెట్టే మిషన్లు బాగుచేసే చోటికి తీసుకుపోయాడు. ఆ షాపాయన కాగితం చూసి నవ్వాడు.

"ఇదా? మా మిషన్ల నిండా ఇదే కదప్పా!"

అమ్మకు డయాలిసిస్ జరుగుతున్న ఆ నాలుగు గంటల్లో మాకు బేరింగు దొరికింది. ఇంటికొచ్చాక దాన్ని కవర్లో చుట్టి ఫ్రిజ్‌లో, అమ్మ సూదిమందుల పక్కన పెట్టించాడు. గిలకను మరిగే నీళ్లలో వేయించాడు. చల్లబడ్డది కుంచించుకుపోతుంది, కాగింది వ్యాకోచిస్తుంది, రెండూ సులువుగా కూర్చుంటాయని ఆయన లెక్క. నేను సుత్తి ఎత్తితే చెయ్యి పట్టుకున్నాడు. "కొట్టొద్దు. చుట్టూ సమంగా నొక్కాల." బిగించినవన్నీ నా చేతే బిగించాడు. తానెందుకు ముట్టుకోలేదో అప్పుడు నాకు అర్థం కాలేదు.

ఇంజను స్టార్ట్ చేశాం. తాత పుల్ల చెవికి పెట్టుకుని చాలాసేపు విన్నాడు.

"ఏం వినిపిస్తాంది తాతా?"

"ఏమీ వినపడల్యా. అదే కావాల్సింది." పుల్ల దించి అన్నాడు: "బాగలేదని అనను."

మళ్లీ ఆ రోడ్డు పక్కకు వస్తాను. ఆ పుల్ల ఇప్పటికీ నా సీటు కిందే ఉంటుంది. ఫోన్ పెట్టేసి కళ్లు తుడుచుకుని, ఆయన నేర్పినట్టే ఒక్కొక్కచోటా విన్నాను. కిందివైపు అలాంటిదే ఇంకో గిలక ఉంది, ఈసారి గరగర దాన్లో. ఇంజను ఆపి, దాన్ని రెండు వేళ్లతో పట్టి ఊపాను. తాత చెప్పిన గుర్తు ఒకటుంది: "అరిస్తే నిదానంగా పోవచ్చు. ఊగితే మాత్రం అడుగు కదపొద్దు." ఊగలేదు.

"అమ్మా, పోదాం" అన్నాను.

"దోవలో నిలబడిపోతే?"

"నిలబడదు."

వేడి ముల్లు మీద ఒక కన్ను వేసి, ఎక్కడా తొందరపడకుండా నడిపాను. నాలుగు కావడానికి పది నిమిషాలుండగా మా వీధిలోకి తిరిగాం. కారు గొంతు చించుకుని అరుస్తోంది. చావింటి ముందు కూర్చున్న వాళ్లంతా తలెత్తారు. నాకు సిగ్గేయలేదు. తాత పక్కన కూర్చున్న అవ్వ ఆయన ముఖం మీదికి వంగింది.

"ఇంటాండావా? నీ బండి వచ్చింది. లేసి చూడు, దానికేమైందో."

ఆ మాటకు నేను ఏడ్చినంత మా నాయన పోయినప్పుడు కూడా ఏడవలేదు.

మూడో రోజు హిందూపురంలో అదే షాపుకు పోయాను. ఫ్రిజ్, మరిగే నీళ్లు, చుట్టూ సమంగా నొక్కడం, అన్నీ ఒక్కదాన్నే చేసుకున్నాను. సాయంత్రానికి చివరి బోల్టు బిగించాను. తాత ఎందుకు ముట్టుకోలేదో నా చేతులకు తెలిసింది. తాళం తిప్పాను. అరుపు లేదు.

గోడకు ఆవలి నుంచి అవ్వ వచ్చింది. నా చేతిలోని వెదురు పుల్ల అడిగి తీసుకుంది. ఇన్నేళ్లలో ఆమె కారు దగ్గరికి రావడం అదే మొదలు. నేను నోరు తెరిచేలోపే కొంగు తీసి నడుములో గట్టిగా దోపుకుంది. ఆమె చెయ్యి పట్టుకుని పుల్ల కొనను బోల్టు మీద ఆనించాను. రెండో కొన చెవికి పెట్టుకుని కళ్లు మూసుకుంది.

"ఏం వినిపిస్తాంది అవ్వా?"

"ఏమీ వినపడల్యా" అంది.

పుల్ల మాత్రం చెవి నుంచి తీయలేదు. ఇంజను తిరుగుతూనే ఉంది. నేను ఆపలేదు.