ప్రార్థనలో చివరి పేరు

ఆ బారుకు బోర్డు లేదు. కింద టైర్ల కొట్టు, పక్కన సందు, సందులో ఇనుప మెట్లు. మొదటి శనివారం ఆ మెట్లు మూడుసార్లు ఎక్కి మూడుసార్లు దిగాను. నాలుగోసారి టైర్ల కొట్టాయన తల ఎత్తకుండానే, తలుపు తోస్తే చాలు, తాళం వేసి లేదు అన్నాడు మలయ్ భాషలో. సిగ్గుతో చచ్చినంత పనై లోపలికి వెళ్ళాను. అప్పటికి నాకు ముప్పై తొమ్మిదేళ్ళు.

అంతకుముందు కౌలాలంపూర్‌లో మగవాళ్ళు మగవాళ్ళ కోసం వచ్చే చోట్లు రెండు మూడు చూశాను. ఒకచోట పాటల హోరులో పక్కవాడు ప్రేమగా పలకరిస్తున్నాడో, కాలు తొక్కినందుకు తిడుతున్నాడో తెలిసేది కాదు. ఇంకోచోట అందరికీ ఇరవై రెండేళ్ళు, అందరివీ ఒకే రకం కండలు. ఒకడు నా దగ్గరికొచ్చి, "అంకుల్, ఎవరినైనా తీసుకెళ్ళడానికి వచ్చారా?" అని అడిగాడు. నాకు అసలే కోపం ముక్కు మీద ఉంటుంది. గ్లాసు అక్కడే పెట్టేసి వచ్చేశాను.

టైర్ల కొట్టు పైన అలా ఉండేది కాదు. శనివారం సాయంత్రం ఐదు నుంచి ఎనిమిది దాకా పెద్దవయసు వాళ్ళ వేళ. పాత పాటలు పెడితే ఇద్దరిద్దరు మెల్లగా డాన్సు చేసేవారు. మెట్ల మీద తెలియని అడుగుల చప్పుడైతే, పోలీసులేమోనని కౌంటరు దగ్గరావిడ దీపాలన్నీ ఒక్కసారిగా వేసేది. వెంటనే చేతులు విడిపోయేవి, ఎవరి కుర్చీల్లో వాళ్ళు కూర్చునేవారు, బల్ల మధ్యకి అట్టతో చేసిన కేకు ఒకటి వచ్చేది. ఆఫీసులో ఎవరిదో పుట్టినరోజు అన్నమాట. నేను చూసినంతవరకు ప్రతిసారీ వచ్చింది ఐసు బస్తా మోసుకొచ్చే మనిషే. అయినా మేమందరం శ్రద్ధగా చప్పట్లు కొట్టేవాళ్ళం.

అక్కడ ఎవరూ పేరడగరు. అది నాకు బాగా నచ్చింది. క్లాంగ్‌లో మా అమ్మతో ఉంటాను. పోర్టు దగ్గర సరుకులు పంపే ఆఫీసులో ఉద్యోగం. మా చర్చిలో సగం మంది బంధువులు, మిగతా సగం బంధువులకు బంధువులు. శనివారం కూడా ఆఫీసు ఉందని అమ్మకు చెప్పేవాణ్ణి. ఆరున్నరకి అమ్మ తప్పకుండా ఫోన్ చేసేది. నేను చేతులు కడుక్కునే చోటుకి వెళ్ళి, గొంతు తగ్గించకుండా తెలుగులో మాట్లాడేవాణ్ణి.

గొంతు తగ్గించాల్సిన పనేముంది? ఈ దేశంలో మమ్మల్ని అందరూ తమిళులే అనుకుంటారు. కాబట్టి తెలుగులో మాట్లాడితే చెవులు మూసిన గదిలో మాట్లాడినట్టే అని మా జనానికి గట్టి నమ్మకం. రైల్లో ఎదుటివాడి జుట్టు గురించి, వాడి భార్య లావు గురించి వాడి మొహం చూస్తూనే చెప్పుకుంటాం. నాకూ ఆ జబ్బు ఉంది.

"ఆపీసులోనే ఉన్నానమ్మా. పని అవలేదు. తినేసినాను," అన్నాను ఒక శనివారం. ఫోన్ పెట్టేసరికి, పక్కన కొళాయి దగ్గర చేతులు కడుక్కుంటున్న పెద్దాయన అద్దంలో నన్ను చూస్తున్నాడు.

"ఆపీసని అబద్దం సెప్పినావు, సరే. తిన్నానని కూడా అబద్దమేనా? వచ్చిన కాణ్నించి సూస్తన్నాను, నువ్వు ఒక్క పల్లీ గింజ నోట్లో ఎయ్యలేదు," అన్నాడు తెలుగులో.

నా పై ప్రాణాలు పైనే పోయాయి. అరవై దాటిన మనిషి, ఎండకు నల్లబడ్డ చేతులు, ఇస్త్రీ చొక్కా. నేను బదులిచ్చేలోపే మావాళ్ళు ఎవరు కలిసినా అడిగే రెండు ప్రశ్నలూ అడిగేశాడు. ఏ తోట? ఇంటిపేరేటి? తాతలు కూలికి వచ్చిన తోటా, ఇంటిపేరూ చెబితే రెండు నిమిషాల్లో చుట్టరికం తేలిపోతుంది. అందుకని నోటికొచ్చిన తోట పేరు ఒకటి చెప్పాను.

ఆయన నవ్వాడు. "ఆ తోటలో అందరూ అరవోలే. తెలుగోలిల్లు ఒక్కటీ నేదు. అబద్దమాడ్డం సరిగ్గా నేర్సుకో నాయనా."

దొరికిపోయాక ఇంకా పొడిగించే ఓపిక నాకు లేదు. తెలుక్ ఇంటాన్ దగ్గర మా అసలు తోట పేరు చెప్పాను. ఇంటిపేరు చెప్పాను. ఆయన నవ్వు ఆగిపోయింది. మా అమ్మ పేరు అడిగాడు. అదీ చెప్పాను. కొళాయి కట్టడం మరిచిపోయాడు.

"అక్క ఇంకా పాటలు పాడతాదా?" అన్నాడు.

తర్వాత ఆయన తన పేరు చెప్పాడు. ఆ పేరు నాకు పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ తెలుసు.

మా ఇంట్లో రోజూ రాత్రి భోజనాలయ్యాక చాప వేసి ప్రార్థన చేస్తాం. పాట అయ్యాక అమ్మ మా వాళ్ళందరి పేర్లూ వరసగా చెబుతుంది. ముందు ఇంట్లోవాళ్ళు, తర్వాత జబ్బుగా ఉన్నవాళ్ళు, ఆ తర్వాత ప్రయాణాల్లో ఉన్నవాళ్ళు. చిట్టచివర ఒకే ఒక్క పేరు. అమ్మ పినతండ్రి కొడుకు, చిన్నప్పుడు తల్లి పోతే అమ్మే ఎత్తుకుని పెంచిన తమ్ముడు. హుటాన్ మెలింటాంగ్‌లో చేపల పడవల మీద పనిచేసేవాడు. రేపు ప్రధానం అనగా ఇల్లు విడిచి పోయాడు. ఉంగరం పెట్టించుకోవలసిన పిల్ల వాళ్ళు వచ్చి మా వాకిట్లో నిలబడి తిట్టి వెళ్ళారట. అప్పుడు నాకు నాలుగేళ్ళు. "ఎక్కడున్నాడో ఆ బిడ్డ, ఆకలి లేకుండా సూడు తండ్రీ," అంటుంది అమ్మ, ముప్పై ఐదేళ్ళుగా అదే మాట. ఈమధ్య అమ్మకు మరపు వచ్చి ఒకోసారి మా అన్న పిల్లల పేర్లు వదిలేస్తోంది. ఆ పేరు మాత్రం ఒక్క రాత్రీ వదల్లేదు.

ఇది చెబితే మావయ్య ఏడ్చాడు. చప్పుడు లేకుండా, కౌంటరు మీది కాగితం రుమాళ్ళు ఒకటొకటే తీసుకుంటూ ఏడ్చాడు. ప్రధానం నాటికి ఆయన మనసు పడవలో తోటి మనిషి మీద ఉందట. అది ఎవరికి చెప్పగలడు? ఇద్దరూ వెళ్ళిపోయి ఇక్కడే ఇరవై ఎనిమిదేళ్ళు కలిసి బతికారు. ఆ మనిషి పోయాక శనివారం ఇక్కడికి రావడం మొదలుపెట్టాడు.

"నాను బతికున్నానని అక్కకి సెప్పు. ఎక్కడ సూసినావో సెప్పకు," అన్నాడు.

ఎంత తేలిగ్గా అన్నాడో. అమ్మ ముందడిగేదే ఎక్కడ చూశావని. రైల్లో కనబడ్డాడంటే ఏ రైలు అంటుంది, పద అంటుంది, స్టేషన్లో చాప వేసుకుని కూర్చునే రకం. ఆయన్ని ఇంటికి తెస్తే ఇన్నాళ్ళూ ఎందుకు రాలేదని అడగకుండా ఉంటుందా? ఆయన సంగతి చెబితే నా సంగతి చెప్పినట్టే. దాస్తే ఆమె ప్రార్థనకు వచ్చిన జవాబుని నేను జేబులో పెట్టుకు తిరుగుతున్నట్టే. ఆరు వారాలు చాప మీద కూర్చుని, ఆ చివరి పేరు రాగానే కళ్ళు గట్టిగా మూసుకున్నాను. నా మీద నాకు అసహ్యం వేసింది. మావయ్య మీద, అమ్మ మీద కూడా కోపం వచ్చింది.

ఏడోవారం ఆ పేరు దగ్గరికి వచ్చేసరికి అమ్మకు పొలమారింది. దగ్గి, నీళ్ళు తాగి, మళ్ళీ ఆ పేరు దగ్గరే మొదలుపెట్టింది. ఇక నావల్ల కాలేదు.

"మావయ్య బాగున్నాడమ్మా. కలిసినాను."

అమ్మ కళ్ళు తెరిచింది. "ఎక్కడ?"

"నేను ప్రతి శనివారం ఎల్లే కాడ. అది ఆపీసు కాదమ్మా." తర్వాత మిగతాదంతా చెప్పాను. ఆయన ప్రధానం ఎందుకు వదిలి పోయాడో, నేను ఎందుకు పెళ్ళి వద్దన్నానో, రెండూ ఒకటే కారణమని. అమ్మ చాపలో లేచిన పుల్ల ఒకటి గోటితో నొక్కుతూ ఉండిపోయింది. చాలాసేపటికి, "ప్రార్దన అవలేదు," అని కళ్ళు మూసుకుంది.

మళ్ళీ మొదటి నుంచి పేర్లు చెప్పింది. ఇంట్లోవాళ్ళ వరసలో తన తమ్ముడి పేరు వచ్చింది. అక్కడ నా పేరు రాలేదు. జబ్బు మనుషులు, ప్రయాణాల వాళ్ళు అయిపోయారు. చివర్న, ఆయన ఉన్న చోట, నా పేరు చెప్పింది. "ఎక్కడున్నాడో ఆ బిడ్డ, ఆకలి లేకుండా సూడు తండ్రీ." నా మోకాలు ఆమె మోకాలికి తగులుతోంది.

వారమంతా అదే వరస. అన్నం పెట్టింది, బట్టలు మడతపెట్టింది, నా మొహం మాత్రం చూడలేదు. శనివారం నేను బయల్దేరుతుంటే వంటింట్లోనే ఉండిపోయింది. ఇది విని మావయ్య, "ఆ వరసలో ముప్పై ఐదేళ్ళున్నాను. ఒక్క రోజు పస్తుండ్నేదు," అన్నాడు. నన్ను నవ్వించడానికి అన్నాడు గాని నాకు నవ్వు రాలేదు.

ఆరున్నరకి ఫోన్ మోగింది. చేతులు కడుక్కునే చోటుకి వెళ్ళలేదు, బల్ల దగ్గరే తీశాను. అమ్మ ఎక్కడున్నావని అడగలేదు.

"తిన్నావా?"

"లేదమ్మా," అన్నాను. "ఇంకా తినలేదు."

అవతల గిన్నె మీద మూత పెట్టిన చప్పుడైంది.

"ఆడూ తిన్నేదా?" అంది. "ఇద్దరూ రండి. కూర దించినాను."