సార్ ఉంచుకున్న ఒక్క బొమ్మ

మా సార్ పోయిన్రని పోయిన నెల పొద్దుగాల మేడం, అంటే సార్ భార్య, ఫోన్ చేసి చెప్పింది. నేనప్పుడు ఉప్పల్ మెట్రో మెట్లు దిగుతున్న. నాకు చిన్నప్పటి సంది కండ్లు కానరావు. రేలింగ్ పట్టుకొని నిలబడిపోతే దారి చూపియ్యాల్నా అని ఎవరో అడిగిన్రు. దారి తెల్సమ్మా అన్న.

నాచారంల బట్టల దుకాణం పైన ఒక గదిల సార్ కంప్యూటర్ క్లాసులు చెప్పేటోళ్లు. నేను చేరతానంటే ఇంట్లోళ్లు నవ్విన్రు, సార్ మాత్రం ఎట్ల చదువుతవో చూపియ్యమన్నరు. తెర మీదున్నది పైకి చదివే సాఫ్ట్‌వేర్ చూపించిన. మేం నేర్చుకునే ప్రోగ్రామింగ్ భాషకు మాన్యువల్ ఉండె గని, అన్నీ పాతకాలపు వెబ్ పేజీలు. ఏది శీర్షికో, ఏది మామూలు మాటో సాఫ్ట్‌వేర్‌కు సమజయ్యేది కాదు. కోడ్ ఉన్న కాడ ‘బొమ్మ’ అని ఊకునేది, ఎందుకంటే కోడంతా ఫొటోలు తీసి పెట్టిన్రు. ప్రతిదానికి పక్కోళ్లను బతిమాలాలె. రేపు నౌకరీల గూడ గిట్లనే అడుక్కోవాల్నా అని కోపమొచ్చి ఒకరోజు బ్యాగు సర్దుకున్న.

“కూసో బిడ్డా. తప్పు నీది కాదు, పేజీది. దాన్నే బాగుచేద్దాం,” అన్నరు సార్.

తెల్లారి నుంచే మాన్యువల్‌ను వెబ్ పేజీలు రాసే కొత్త హెచ్‌టీఎంఎల్‌లకు మార్చుడు షురూ చేసిన్రు. శీర్షికను శీర్షికని, కోడ్‌ను కోడని గుర్తుపెట్టుడు, ఫొటోలల్లున్న కోడ్‌ను రెండే వేళ్లతోని మళ్ల టైపు కొట్టుడు. పేజీ అయినంక కండ్లు మూసుకొని తనే మొదలు ఇనేటోళ్లు. నడుమ తప్పిపోతే, జర ఆగు, నాకే సమజైతలే అని మళ్ల మొదటికి పోయేటోళ్లు. చాయ్ చల్లారితే మేడం తిట్టుకుంట మళ్ల కాచేది.

ఒక్కదాని మీదనే మాకు పంచాయితి. బొమ్మల ఎన్క సాఫ్ట్‌వేర్ పైకి చదివేటందుకు వివరణ రాస్తరు. అందానికి పెట్టిన బొమ్మలకు అది ఖాళీగ ఉంచాలె, సాఫ్ట్‌వేర్ దాటిపోతదని నేనన్న. ఖాళీగ ఉంచితే నీకేదో దాచినట్టు గాదా అని సార్ వాదన. మస్తు కొట్లాడి నేనే గెలిచిన. తను రాసిన వివరణలన్నీ ఖాళీ చేసిన్రు గని, ఆఖరి అధ్యాయం మొదట్ల ఉన్నది మాత్రం ముట్టుకోనియ్యలే. అదొక్కటి నాది, ఉండనీ అన్నరు.

ఆ పేజీలు చదువుకునే నేను నౌకరీ తెచ్చుకున్న, ఎవర్నీ బతిమాలలే. ఆఖరి అధ్యాయం సగంల ఉండంగ సార్ దవాఖానల పడ్డరు, మళ్ల కూసోలే. వచ్చే నెల చూపులేని పిల్లలిద్దరు సార్ క్లాసుల చేరుతున్నరు. క్లాసు నేనే చెప్త. అప్పటికి ఆ సగం పూర్తిగాకుంటే వాళ్లు గూడ నా లెక్కనే బతిమాలాలె. అందుకే నౌకరీ అయినంక రోజూ నాచారం పోతున్న. ఫొటోలల్లున్న కోడ్‌ను మేడం అక్షరం అక్షరం చదువుతది, నేను కొడ్త. దాని అర్థమేందో తనకు తెల్వదు, గని ఒక్క చుక్క గూడ వదలదు.

మొదటిరోజు సార్ కుర్చీల కూసొని ఆ అధ్యాయం తెరిచిన. శీర్షిక చదివి, మెషిన్ గొంతు ఆగకుంట అన్నది: “ఇది వట్టి పూల బొమ్మ బిడ్డా, అందానికి పెట్టిన్రు. నువ్వాగకు, ముందుకు పో.”

మేడం మళ్లొక్కసారి ఇనిపియ్యమన్నది. ఎన్కకు తీస్కపోయే పై బాణం నొక్కి ఇనిపించిన. అటెన్క కండ్లు తుడుసుకొని, ముందుకు పోయే కింది బాణం నొక్కిన.