రెండుసార్లు లాగిన తాడు

ఉదయం ఆరు గంటల పది నిమిషాలకు నా మేనకోడలు బండ మీద చేయి వేసింది. ఆ సమయం నోటుబుక్కులో రాశాను. మాకు కోచ్ లేడు. పినపాక చుట్టుపక్కల బండలెక్కడం నేర్పేవాళ్లే లేరు. ఫోన్‌లో వీడియోలు చూడడం, ఆమె ఎక్కుతుంటే వీడియో తీయడం, జారిన చోటు రాసుకుని మర్నాడు అక్కడే మళ్లీ ఎక్కించడం. మా శిక్షణ అంతే.

అంతకుముందు ఇది మా అక్క పని. ఆ పిల్ల తల్లి. వానాకాలంలో జ్వరంతో అక్క పోయింది, తాడు నా చేతికి వచ్చింది.

నేను తాడు పట్టిన మొదటిరోజు, అదే బండ మీద తేనె దింపే ముసలాయన వచ్చి నిలబడ్డాడు.

"మా తేనె పనిల తాడు బామ్మర్దే పట్టాలె సారూ. అక్క పుస్తె యాదికుంటె చెయ్యి జారదు."

"అక్కనే లేకపాయె గద తాతా."

"ఆమె పట్టిన తాడే గద ఇది" అన్నాడు.

"తాతా, ముచ్చట్లు బంద్ పెట్టు! మామకు తాడు పట్టుడే కొత్త" అని పైనుంచి పిల్ల అరిచింది.

రాష్ట్ర జట్టు ఎంపిక నెల రోజుల్లో ఉంది. బండ పైభాగం ముందుకు ఉబ్బి ఉంటుంది. అక్కడికి రాగానే పిల్ల తొందరపడి జారేది. "ఆగు" అని కేకేస్తే నా గొంతే బండకు తగిలి తిరిగొచ్చేది. పద్నాలుగు రోజులు 'అదే చోటు' అని రాశాను.

ఆరూ పదికి మొదలుపెట్టిన ఆ పదిహేనో ఉదయం ఆమె ఉబ్బు కింద ఆగింది. ఒక చేయి విదిలించింది, తర్వాత రెండోది. నిదానంగా ఊపిరి తీసుకుని ఉబ్బు దాటి పైకి చేరింది.

కిందికి దించాక అంది: "మంచిగ గుంజినవ్ మామా. ఆగి ఊపిరి తీస్కొమ్మని అమ్మ గూడ గిట్లనే రెండుసార్లు గుంజేది. నీకెవలు చెప్పిన్రు?"

నాకెవరూ చెప్పలేదు. నేను లాగలేదు. రాయికి ఆనించి పెట్టిన ఫోన్‌లో వీడియో చూశాను. నా చేతులు నడుము దగ్గర తాడును బిగించి పట్టుకుని ఉన్నాయి. ఒక్కసారి కూడా కదల్లేదు.

ఆమెకు చెప్పలేదు. ఆ తర్వాత రోజూ ఉబ్బు దాటేది. రోజూ "గుంజినవ్" అనేది. నేను తల ఊపేవాణ్ని.

ఎంపిక హైదరాబాద్‌లో, ఎక్కడానికని కట్టిన గోడ మీద జరిగింది. అక్కడ తాడు ఎవరో తెలియని మనిషి చేతిలో ఉంది. పైకొసకు మూడు పట్లు ఉండగా ఆమె ఆగింది. చేతులు విదిలించింది. మళ్లీ కదల్లేదు. దేనికోసం ఆగిందో ఆ జనంలో నాకొక్కడికే తెలుసు. చూస్తుండగానే వేళ్లు విడిపోయాయి. ఎంపిక కాలేదు.

తిరుగు బస్సులో కొత్తగూడెం దాటాక చెప్పాను. "నేను ఒక్కసారి గూడ గుంజలే."

"ఎరుకే మామా. నువ్వు గుంజితె నా నడుం ఇరుగుతది." నవ్వింది. తర్వాత కిటికీ వైపు తిరిగింది. "ఆడికి గూడ అమ్మ వస్తదనుకున్న. అందుకే ఆగిన."

మర్నాడు ఉదయమే బండ దగ్గరికి వెళ్లాం. ఇప్పుడు ఉబ్బు కింద తన ఊపిరి తానే ఐదుసార్లు లెక్కపెట్టుకుంటుంది, కింద నాకు వినపడేంత గట్టిగా. నేను నోటుబుక్కులో రాసుకుంటాను. కొన్ని రోజులు తాడు నా చేతులకు పైన రెండుసార్లు బిగిసి వదులైనట్టు అనిపిస్తుంది. దానికోసం ఆమె ఇప్పుడు ఆగడం లేదు.