చర్చి ఎదురుగా ఇల్లు

గవర్నర్‌పేటలో ఒక లాడ్జి పైన, మూడో అంతస్తులో మా ఆఫీసు. షాపులకీ ఆసుపత్రులకీ మనుషుల్ని వెతికిపెట్టడం మా పని. మొదట్లో దరఖాస్తులు నేనూ మరో ఇద్దరూ కూర్చుని ఏరేవాళ్లం. రెండేళ్ల క్రితం మా సారు ఒక సాఫ్ట్‌వేర్ చేయించాడు. ఇదివరకు మేం ఏరినవీ, వద్దని పక్కన పెట్టినవీ అన్నీ దానికి మేపాం. వాటిని చూసి నేర్చుకుని, కొత్తగా వచ్చేవాళ్లకు అది మార్కులు వేస్తుంది. మార్కులు తక్కువొచ్చిన దరఖాస్తు ఇక ఎవరి కంటా పడదు.

"మనుషులైతే కులం చూస్తారండీ. దీనికి కులం తెలీదు, మతం తెలీదు. ఇంటిపేరు కూడా తీయించేశాను," అని వచ్చినవాళ్లందరికీ కాఫీ ఇచ్చి మరీ చెప్పేవాడు. నేను పక్కన నిలబడి తలాడించేదాన్ని.

మా చెల్లెలు నర్సింగ్ పూర్తిచేసి ఏడాదయింది. మైలవరం దగ్గర మా ఊళ్లో ఖాళీగా కూర్చుంది. ఇంకో ఏడాది ఇలాగే గడిస్తే నేర్చుకున్న చెయ్యి మొద్దుబారిపోతుందనీ, అప్పుడిక ఏ ఆసుపత్రీ తీసుకోదనీ దాని దిగులు. మా ఆఫీసుకే నాలుగుసార్లు దరఖాస్తు పెట్టింది. ఒక్క పిలుపూ రాలేదు. దాని క్లాసులోనే చదివి, దానికంటే వెనకబడ్డ అమ్మాయి మాత్రం మొదటిసారికే బెజవాడలో చేరిపోయింది.

"నాలోనే ఏదో తక్కువుందిలే అక్కా," అంది ఫోన్లో. ఆ మాట నాకు మింగుడు పడలేదు.

మర్నాడు అందరూ భోజనాలకు దిగాక ఇద్దరి దరఖాస్తులూ పక్కపక్కన తెరిచాను. చదువు అదే, కాలేజీ అదే. తేడా చిరునామాలో కనిపించింది. మన ఊళ్లల్లో డోర్ నంబరు చూసి ఇల్లు పట్టుకున్నవాడెవడు? ఏదో ఒక గుర్తు రాయాల్సిందే. ఆ అమ్మాయి 'రామాలయం పక్కన' అని రాసింది. మా చెల్లెలు 'చర్చి ఎదురుగా' అని రాసింది. చెల్లెలి దాంట్లో చర్చి తీసేసి రామాలయం అని కొట్టి చూశాను. ముప్ఫై ఎనిమిది కాస్తా డెబ్భై నాలుగయింది. మళ్లీ చర్చి పెట్టాను. మళ్లీ ముప్ఫై ఎనిమిదే. ఛీ, ఇదా దీని తెలివి అనుకున్నాను. ఆ పూట క్యారేజీ మూత కూడా తియ్యలేదు.

సారుకి చూపించాను. కాఫీ కప్పుతోనే వచ్చి తెర మీదికి వంగి చూశాడు.

"నన్నంటారేంటండీ? ఆదివారం సెలవు అడగనివాళ్లను పంపండి అని షాపులవాళ్లు ఫోన్ చేస్తే, చర్చి అని ఉన్నవన్నీ పక్కన పెట్టింది మీరు కాదా? అదే నేర్చుకుంది."

రెండు దరఖాస్తులూ మూసేశాను.

"మీ చెల్లిగారిని గుర్తు మార్చి రాయమనండి. వాటర్ ట్యాంకనో, ఇంకేదో. ఎంతసేపు పని?"

ఎంత తేలిగ్గా అన్నాడో. ఆ చేతిలో కాఫీ కప్పూ, 'చెల్లిగారు' అన్న ఆ మర్యాదా చూస్తే రోత పుట్టింది. మొహం మీదే కడిగేద్దామనుకున్నాను. కడగలేదు. నెల తిరిగేసరికి జీతం కావాలి కదా.

ఆదివారం ఊరెళ్లాను. ఆరాధన అయ్యాక అరుగు మీద కూర్చుని చెల్లెలికి మార్కుల సంగతంతా చెప్పాను. ఆ దిక్కుమాలిన సాఫ్ట్‌వేర్‌నీ, మా సారునీ, షాపులవాళ్లనీ నోటికొచ్చినట్టు తిట్టాను. పక్కన పెట్టింది నేనేనన్న ముక్క మాత్రం మింగేశాను. చివరికి, "పోనీలేవే, నువ్వూ ట్యాంకు పక్కనని రాసెయ్," అన్నాను.

అది నా మొహం వంక చూసింది.

"నువ్వు ఆ ఆఫీసులో చేరేటప్పుడు పెట్టిన దరఖాస్తు కూడా అందులో ఉంటుంది కదా అక్కా. నువ్వేం రాశావు?"

అరుగు మీంచి లేవబోయాను. అది మళ్లీ అడిగింది.

"పోస్టాఫీసు వెనకాల," అన్నాను.

మా ఊరి పోస్టాఫీసు ఊరికి అవతలి కొసన ఉంది. చెల్లెలు లేచి లోపలికి వెళ్లిపోయింది. మంచి దరఖాస్తు అంటే ఇలా ఉండాలని ఆ సాఫ్ట్‌వేర్‌కు చూపించిన మొదటి కట్టలో నాదీ ఉంది. దాన్ని పైన పెట్టింది నేనే.