ఆగమని చెప్పని బండి

నాకు నోటి దురుసు ఎక్కువ. మా ఆవిడ ఇరవై ఏళ్లుగా చెబుతున్న మాటే ఇది. నేను ఒప్పుకున్నది మాత్రం చోడవరంలో, మా బడి ముందు, ఒక శనివారం మధ్యాహ్నం.

అప్పుడు ఎనిమిదో తరగతి పిల్లలచేత రిమోట్ కారు చేయిస్తున్నాను. మోటార్లు బిగించడం, వైర్లు కలపడం, లాప్‌టాప్‌లో ప్రోగ్రాం రాసి కారులోని బోర్డుకి ఎక్కించడం, అన్నీ వాళ్లే. నెల పట్టింది. ఆ నెలంతా నేను చెప్పిన పాఠం కన్నా తిట్టిన తిట్లే ఎక్కువ. "బండికేటన్నా అయ్యిందా, తోలు తీసేస్తాను" అని రోజూ అనేవాణ్ని. పిల్లలు నవ్వేవారు. ఉత్తుత్తి బెదిరింపని వాళ్లకు తెలుసనుకున్నాను.

ఆ రోజు కారుని మొదటిసారి ఆరుబయట నడిపించాం. ప్రోగ్రాం రాసిన అమ్మాయికే రిమోట్ ఇచ్చాను. బుచ్చయ్యపేట వైపు నుంచి ఆటోలో వచ్చే పిల్ల, మాట తక్కువ. కారు గేటు వైపు దూసుకుపోయింది. ఆపమన్నాను. మీట వదిలేసింది. అయినా ఆగలేదు. అప్పటికే సిగ్నల్ అందే దూరం దాటిపోయింది. సిగ్నల్ తెగితే ఆగిపోవాలన్న ఒక్క లైను మా ప్రోగ్రాంలో లేదు. ఆఖరుసారి అందిన 'ముందుకు' అన్న మాట పట్టుకుని పోతూనే ఉంది. ఆ లైను చెప్పడం మరిచిపోయింది నేనే.

గేటు తీసే ఉంది. బయట రోడ్డు మీద, గోవాడ చక్కెర ఫ్యాక్టరీ వైపు చెరకు ట్రాక్టర్లు ఒకదాని వెనక ఒకటి. పిల్ల రిమోట్ పడేసి కారు వెనకే పరుగెత్తింది.

కేక వేద్దామంటే గొంతు పెగల్లేదు. నెలంతా ఊరికే అరిచిన గొంతు. హారన్ మోగింది, బ్రేకు కీచుమంది, దుమ్ము లేచింది. దుమ్ములో పిల్ల కనబడలేదు. నాకు చచ్చేంత భయమేసింది. వాళ్లమ్మకి ఏం చెప్పాలన్న ఒక్క ఆలోచనే బుర్రలో తిరుగుతోంది. గేటు దాకా ఎలా వెళ్లానో ఇప్పటికీ గుర్తులేదు.

రోడ్డుకి అవతల కూర్చుని ఉంది. మోకాలు చీరుకుపోయి రక్తం కారుతోంది. కారుని రెండు చేతులతో గుండెకి అదుముకుంది. ట్రాక్టరాయన కిందికి దిగి తిడుతుంటే వినిపించుకోలేదు. నన్ను చూడగానే మాత్రం వణకడం మొదలుపెట్టింది.

"బండికేటీ అవ్వనేదు మేస్టారూ," అంది. "కొట్టకండి."