కార్డులో లేని నా పేరు

తాండూరు పప్పు మిల్లులో కందులు చెరుగుతుంటే ఒకరోజు ఊపిరి అందలేదు. దుమ్ము వల్లనేమో అనుకుని ముక్కుకు కొంగు కట్టుకుని పని చేశాను. వారం తిరిగేసరికి నాలుగు మెట్లెక్కాలన్నా మధ్యలో కూలబడాల్సి వచ్చింది.

నా భర్త శ్రీను వికారాబాద్‌లో ఆసుపత్రికి తీసుకెళ్లాడు. ఈసీజీ, ఎకో తీశారు. "గుండెలో వాల్వ్ పాడైందమ్మా, మార్చాలి. మందులతో రెండు నెలలు నెట్టుకురాగలం. అంతకు మించి ఆగొద్దు" అన్నారు డాక్టర్‌గారు. ఆపరేషన్ హైదరాబాద్‌లో. రేషన్ కార్డులో పేరుంటే ఆరోగ్యశ్రీ కింద ఉచితం.

ఇంట్లో కార్డుంది, అందులో నేను లేను. పెళ్లవగానే అమ్మవాళ్ల రేషన్ కార్డులోంచి నా పేరు తీయించారు. అత్తగారి కార్డులో ఎక్కించుకోలేదు. మా మహిళా సంఘం లీడర్ సువర్ణక్క ఏటా పోరేది, పేరు ఎక్కించుకో, సంఘం బీమా అయినా కట్టు అని. "మీరంతా లేరా అక్కా, నాకేం ఫికర్?" అని నవ్వేదాన్ని. రోగం రాకపోతే బీమా దండగే కదా అని నా తెలివి.

సంగతి తెలిసి సువర్ణక్క వచ్చింది. సిగ్గుతో మొహం తిప్పుకున్నాను.

"తిట్టుడు తర్వాత. నీ ఆధార్ కాయిదాలు ఏడవెట్టినవో చెప్పు ముందు" అంది.

మర్నాటి నుంచి సంఘంలో పదిమంది వంతులు వేసుకున్నారు. రోజూ ఇద్దరు కూలి మానుకుని, నా పేరు ఎక్కించడానికి తహసీల్దార్ ఆఫీసులో కూర్చునేవారు, ఒకరు నా దగ్గర ఉండేవారు. ఒక్కరూ నాకు చుట్టం కాదు. అక్కడే తెలిసింది, వంతుకు వెళ్లిన లక్ష్మమ్మ, రజియా పేర్లు కూడా ఏ కార్డులోనూ లేవని. మీవీ ఇవ్వండి, అన్నీ కలిపి పంపుదాం అన్నాడట క్లర్కు. "జర దీనిది ముందు ఎక్కియ్యుండ్రి సారూ. మేం మంచిగనే ఉన్నం గదా" అన్నారట ఇద్దరూ. శ్రీను ఆ మాట చెబుతుంటే వెక్కి వెక్కి ఏడ్చాను. రెక్కాడితే గాని గడవని వాళ్లలో ఇంత పెద్ద మనసు ఉంటుందా అని ఇప్పటికీ నాకు ఆశ్చర్యమే.

మధ్యలో ఊపిరితిత్తుల్లో నీరు చేరింది, ఆసుపత్రిలో చేర్చారు. "ఇంక సర్జరీ ఆపలేం" అన్నారు డాక్టర్‌గారు. రెండు రోజుల తర్వాత పేరెక్కింది. వాల్వ్ మార్చారు.

ఇప్పుడు మిల్లుకు పోతున్నాను. మూటలెత్తను, మందు మానను, రక్తం గడ్డకట్టే తీరు చూసే ఐఎన్ఆర్ పరీక్ష నెలనెలా చేయించుకుంటాను. లక్ష్మమ్మ పేరు ఎక్కింది, రజియా కోసం ఆఫీసులో కూర్చునే వంతు ఈ వారం నాది.

మీరు ఈ పూటే మీ ఇంటి కార్డు తీసి అందరి పేర్లూ చదవండి. కోడలి పేరు ముందు చూడండి. లేకపోతే ఒంట్లో బాగున్నప్పుడే పోయి వరుసలో నిలబడండి. నాకు నిలబడ్డట్టు పదిమంది మీకూ నిలబడతారని నేను మాటివ్వలేను.